ఫ్రెంచ్ డిఫెన్స్: రెండు క్లబ్బుల పోటీ, ఒక ఓపెనింగ్

నిర్వచనం, సంకేతాలు

చదరంగంలో తెల్లపావుల ఆటగాడు రాజు ముందున్న బంటును రెండు గడులు నడిపి ఇ4లో నిలిపినప్పుడు, నల్లపావుల ఆటగాడు తన రాజు ముందు బంటును ఒక్క గడి మాత్రమే జరిపి ఇ6లో పెడితే ఆ ఓపెనింగును ఫ్రెంచ్ డిఫెన్స్ అంటారు. రెండో ఎత్తులో తెల్లబంటు డి4కు, నల్లబంటు డి5కు రావడం ఆనవాయితీ. డి5 బంటు ఇ4 బంటును నేరుగా బెదిరిస్తుంది, ఇ6 బంటు దానికి కాపు కాస్తుంది. ఓపెనింగులను వర్గీకరించే ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ చెస్ ఓపెనింగ్స్’లో సి00 నుంచి సి19 దాకా ఉన్న విభాగాలు దీనివే. ఈ వ్యాసంలో నిలువు వరుసలను తెల్లపావుల ఎడమచేతి వైపు నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని, అడ్డ వరుసలను తెల్లపావుల వైపు నుంచి 1 మొదలు 8 వరకు లెక్కించాం. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అన్నవి వాడుక పేర్లే. ఐమూలగా నడిచే పావును ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు కాబట్టి క్లబ్బుల్లో అందరూ అనే బిషప్ అన్న మాటనే తీసుకున్నాం.

ఈ ఓపెనింగుకు ఆ పేరు ఒక వ్యక్తి ఆట వల్ల రాలేదు. 1834లో మొదలై 1836లో ముగిసిన లండన్, పారిస్ క్లబ్బుల ఉత్తరాల పోటీ వల్ల వచ్చింది. పేరు రావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఈ డిఫెన్స్ స్వభావానికీ జట్టు ఆటకూ లోతైన పొందిక ఉందని దీని చరిత్రనూ, నిర్మాణాన్నీ కలిపి చూస్తే తెలుస్తుంది. ఫ్రెంచ్ డిఫెన్సులో నల్లపావుల ఆటగాడు ఎత్తులు కంఠస్థం చేయడానికి ముందే ఒక ప్రణాళికను ఒప్పుకుంటాడు: మధ్యభాగంలో చోటు వదులుకుంటాను, ఆ చోటును ఆక్రమించిన బంట్లనే తర్వాత కొడతాను. ఒక మాటగా చెప్పగలిగిన ప్రణాళికను నలుగురు కూర్చుని చర్చించుకోవచ్చు, తోటి ఆటగాడికి నేర్పవచ్చు, ఏటేటా అదే జట్టు వాడుకోవచ్చు. ఈ అభిప్రాయానికి బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని ఎక్కడికక్కడ పరిశీలిద్దాం.

చరిత్ర: పేరు రాకముందు

ఇ6 ఎత్తు పారిస్ క్లబ్బు కనిపెట్టినది కాదు. 17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు జోయకినో గ్రేకో 1620 ప్రాంతంలో రాసిపెట్టిన ఆటల్లోనే ఈ ఎత్తుతో మొదలయ్యే నమూనా ఒకటి ఉంది. అందులో నల్లపావులు డి5తో ఎదురుదాడి చేయకుండా వెనక్కి సర్దుకుంటాయి, తెల్లబిషప్ హెచ్7లోని బంటును కొట్టి ప్రాణత్యాగం చేస్తుంది, గుర్రమూ మంత్రీ దాని వెంట వచ్చి రాజును చుట్టుముడతాయి. ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడే ప్రతి క్లబ్బు ఆటగాడూ నేటికీ భయపడే దెబ్బ ఇదే. దీని గురించి మళ్లీ చూద్దాం (చూ. క్లబ్బు స్థాయిలో ఎదురయ్యే చిక్కులు). గ్రేకో నమూనా చెప్పేది ఒకటే: డి5 లేని ఇ6 కేవలం వెనకడుగు. ఆ రెండు ఎత్తులూ కలిసినప్పుడే అది డిఫెన్స్ అవుతుంది.

లండన్–పారిస్ పోటీ, 1834–36

19వ శతాబ్దపు నాలుగో దశకంలో చదరంగానికి యూరప్‌లో పారిస్, లండన్ పెద్ద కేంద్రాలు. పారిస్ ఆటగాళ్లు కాఫే ద లా రెజాన్స్‌లో కూడేవారు. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ క్లబ్బు పేరు మారుమోగుతుండేది. ఫ్రాన్సుకు చెందిన లాబూర్దొనే, ఐర్లండులో పుట్టిన మెక్‌డానెల్ 1834లో 85 ఆటల సుదీర్ఘ పోటీ ఆడింది అక్కడే. అదే ఏడాది రెండు నగరాల ఆటగాళ్లూ జట్లుగా ఏర్పడి ఉత్తరాల ద్వారా రెండు ఆటలు మొదలుపెట్టారు. పారిస్ జట్టుకు పియర్ సెంతమాఁ నాయకుడు. తర్వాత 1843లో అదే పారిస్‌లో ఇంగ్లండు ఆటగాడు స్టాంటన్ చేతిలో ఓడి చరిత్రకెక్కినవాడు ఇతనే. లండన్ ఇ4 ఆడినప్పుడు ఇ6తో జవాబివ్వాలని తోటివారిని ఒప్పించినవాడు మాత్రం సెంతమాఁ కాడు, షామూయే అనే జట్టు సభ్యుడు. అతని గురించి చదరంగ చరిత్రలో మిగిలింది దాదాపు ఈ ఒక్క వాక్యమే.

అప్పటికి లండన్ నుంచి డోవర్ రేవుకు రైలు లేదు, టెలిగ్రాఫ్ వాడుకలోకి రాలేదు. ఉత్తరం గుర్రపు బండిలో రేవు చేరి, ఓడలో ఇంగ్లిష్ ఛానల్ దాటి, మళ్లీ బండెక్కి వెళ్లేది. ఒక్కో ఎత్తుకూ జవాబు రావడానికి రోజులు పట్టే ఈ పద్ధతిలో రెండు ఆటలు 1836 దాకా సాగాయి, రెండూ పారిస్ గెలిచింది. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య దొరికిన ఆ వ్యవధిని జట్టు ఆట స్వరూపాన్ని నిర్ణయించిన అంశంగా చూడాలి. బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఆటగాడు తనకు తోచింది ఆడి, కారణం తర్వాత చెప్పుకోవచ్చు. ఉత్తరం పంపే జట్టులో కారణం ముందు చెప్పాలి, అవతలివాడి అభ్యంతరానికి జవాబివ్వాలి, అప్పుడే ఎత్తు కవరులోకి ఎక్కుతుంది. షామూయే గురించి మిగిలిన ఆ ఒక్క వాక్యంలోని ‘ఒప్పించాడు’ అన్న క్రియ ఈ పద్ధతికి సాక్ష్యం.

లండన్ తెల్లపావులతో ఆడిన ఆట మొదలు ఇలా ఉంది: 1.ఇ4 ఇ6 2.డి4 డి5. మూడో ఎత్తులో లండన్ ఇ4 బంటుతో డి5 బంటును కొట్టింది, పారిస్ ఇ6 బంటుతో తిరిగి కొట్టింది. తర్వాత రెండు వైపుల నుంచీ గుర్రాలు ఎఫ్3, ఎఫ్6 గడులకు వచ్చాయి. తెల్లబిషప్ డి3లో దిగింది. అయిదో ఎత్తులో పారిస్ సి5 ఆడి డి4 బంటును నేరుగా ఢీకొంది. లండన్ మంత్రిని ఇ2కు తెచ్చి చెక్ చెప్పింది, పారిస్ బిషప్‌ను ఇ7లో అడ్డుపెట్టింది. లండన్ సి5 బంటును తీసుకుంది. ఆ బంటును వెంటనే తిరిగి తీసుకోకుండా పారిస్ ముందు క్యాజ్లింగ్ చేసింది. అప్పటి స్థితి చూస్తే లండన్ మంత్రీ రాజూ తెరుచుకున్న ఇ వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, పారిస్ ఏనుగు ఎప్పుడైనా ఆ వరుసలోకి రావచ్చు. ఒక బంటు తక్కువైనా చొరవ నల్లపావుల చేతిలోకి వచ్చింది.

పేరు విషయంలో ఇది ఒక్కటే ఉదాహరణ కాదు. 1824–28లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఇలాగే ఉత్తరాల పోటీ ఆడాయి, ఎడిన్‌బరో గెలిచింది. స్కాచ్ గేమ్ అనే ఓపెనింగుకు ఆ పేరు ఆ పోటీ నుంచే వచ్చింది. రెండు ఓపెనింగులకు రెండు క్లబ్బు పోటీల పేర్లు మిగలడానికి కారణం ఉంది. క్లబ్బుల మధ్య జరిగే ఆటలో గెలుపోటములు ఊరి పరువుకు సంబంధించినవి, ఎత్తులు అచ్చయ్యేవి, పోటీకి బయట ఉన్నవారు కూడా వాటిని తమ బల్లల మీద పరీక్షించేవారు. గొప్ప ఆటగాడి ఎత్తును చూసి అబ్బురపడవచ్చు. ఒక కమిటీ ఎంచుకున్న ఎత్తును మాత్రం మరో క్లబ్బు కూడా అనుకరించగలదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం. లండన్–పారిస్ ఆటలో మూడో ఎత్తుకే బంట్లు మారిపోయాయి, మధ్యభాగం తెరుచుకుంది. నేడు ఫ్రెంచ్ అంటే గుర్తొచ్చే మూసుకుపోయిన బంట్ల గోడలు అందులో లేవు, కాబట్టి ఆ ఆటకూ ఈ డిఫెన్సుకూ పేరు తప్ప సంబంధం లేదని కొందరు అంటారు. స్థితి వరకు చూస్తే ఈ మాట నిజమే. అయితే పారిస్ అయిదో ఎత్తు సి5ను గమనించాలి. తెల్లపావుల మధ్యభాగాన్ని డి5తో ఒకసారి, సి5తో మరోసారి కొట్టడమే నేటికీ ఫ్రెంచ్ డిఫెన్స్ వెన్నెముక. బంట్లు మారినా, మూసుకుపోయినా ఆ ఆలోచన మారలేదు. లండన్ సరళం చేయబోయిన స్థితిలో కూడా పారిస్ ఆ ఆలోచనను వదల్లేదు.

పనితీరు: బంట్ల గొలుసు

ఫ్రెంచ్ డిఫెన్స్ అసలు తర్కం బయటపడేది తెల్లపావులు మూడో ఎత్తులోనో ఆ తర్వాతో ఇ5 ఆడి బంటును ముందుకు నెట్టినప్పుడు. అప్పుడు తెల్లబంట్లు డి4, ఇ5 గడుల్లో, నల్లబంట్లు డి5, ఇ6 గడుల్లో ఐమూలగా ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. దీనినే బంట్ల గొలుసు అంటారు. ఇ5 బంటు ఎఫ్6, డి6 గడులను కాపలా కాస్తుంది కనుక నల్లగుర్రానికి సహజమైన ఎఫ్6 గడి దొరకదు, రాజు వైపు తెల్లపావులకు చోటు ఎక్కువ. మంత్రి వైపు లెక్క వేరు. అక్కడ నల్లబంటు సి5కు వచ్చి గొలుసు అడుగున ఉన్న డి4 బంటును బెదిరిస్తుంది. గుర్రం సి6కు, మంత్రి బి6కు, రెండో గుర్రం ఇ7 మీదుగా ఎఫ్5కు వచ్చి ఆ ఒక్క బంటు మీదే గురిపెడతాయి. గొలుసును అడుగున కొట్టాలన్న సూత్రాన్ని రీగాలో పుట్టిన నిమ్జోవిచ్ 1925 నాటి తన పుస్తకం ‘మై సిస్టమ్’లో వివరించాడు. అదే నిమ్జోవిచ్ తెల్లపావులతో ఇ5 పద్ధతిని కూడా ఇష్టంగా ఆడాడు. ఒకే మనిషి గొలుసుకు రెండు వైపులా నిలబడి వాదించగలిగాడంటే ఈ నిర్మాణం ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా అనుకూలం కాదని అర్థం.

రెండో దెబ్బ ఎఫ్6. ఇది గొలుసు తలను, అంటే ఇ5 బంటును కొడుతుంది. సి5 తొందరగా, ఎఫ్6 నిదానంగా రావాలన్నది సాధారణ నియమం. ఎఫ్6 తొందరపడి ఆడితే ఇ6 బంటు బలహీనమై, రాజు ముందు తెర చిరుగుతుంది. ఆలస్యం చేస్తే రాజు వైపు తెల్లదాడి మొదలైపోతుంది. సరిగ్గా ఎప్పుడు ఆడాలన్నదాన్ని బట్టి ఫ్రెంచ్ ఆడేవాడి స్థాయి తెలుస్తుందని చెప్పవచ్చు.

ఈ ప్రణాళికకు చెల్లించే మూల్యం సి8లో పుట్టిన బిషప్. అది తెల్లగడుల మీద నడుస్తుంది. ఇ6, డి5 నల్లబంట్లు కూడా తెల్లగడుల మీదే కూర్చుని దాని దారులు మూసేస్తాయి. ఎదుటి ఇంటి గోడ కట్టగా తన ఇంటికి వెలుగు పోయినట్టు కాక, ఇక్కడ గోడ కట్టింది సొంతవాళ్లే. దీన్ని ‘చెడ్డ బిషప్’ అంటారు. దానికి పని కల్పించడానికి నల్లపావుల ఆటగాళ్లు కాలక్రమంలో రెండు మూడు మార్గాలు కనుగొన్నారు: బి6 ఆడి బిషప్‌ను ఎ6కు తెచ్చి తెల్లబిషప్‌తో మార్చుకోవడం ఒకటి, డి7 నుంచి ఇ8 మీదుగా హెచ్5కు తిప్పడం మరొకటి. రెండూ కుదరకపోతే ఎఫ్6 దెబ్బతో బంట్లు కదిలేదాకా ఓపిక పట్టడం. మధ్య ఆటలో మూలన కూర్చున్న ఆ బిషప్ ముగింపు ఆటలో సొంత బంట్లకు కాపలాదారుగా ఉపయోగపడిన ఆటలు తక్కువేమీ కాదు. కానీ అది మంచి బిషప్ అయిందని దానర్థం కాదు. ఆ లోటు ముందే తెలిసి ఒప్పుకున్నదే.

రకాలు

తెల్లపావుల మూడో ఎత్తును బట్టి ఫ్రెంచ్ నాలుగు పాయలుగా చీలుతుంది.

బంట్లు మార్చుకునే ఎక్స్‌ఛేంజ్ పద్ధతి (సి01) గురించి లండన్–పారిస్ ఆట దగ్గరే చూశాం. ఇందులో చెడ్డ బిషప్ సమస్య తీరిపోతుంది, స్థితి దాదాపు అద్దంలో చూసినట్టు సమానమవుతుంది. డ్రా కోసం ఆడేవారి పద్ధతి అన్న పేరు దీనికి స్థిరపడింది. ఈ పేరు ఎంత నమ్మదగినదో ఆక్షేపణల భాగంలో చూడవచ్చు.

బంటును ముందుకు నెట్టే అడ్వాన్స్ పద్ధతి (సి02) క్లబ్బు ఆటగాళ్లకు బాగా నచ్చుతుంది. ఆలోచన తేలిగ్గా అర్థమవుతుంది, దాడికి వీలుంటుంది. ఇందులో డి4 బంటును వదిలి దాడి చేసే ఒక గాంబిట్‌కు ఇంగ్లండు ఆటగాడు స్టూవర్ట్ మిల్నర్ బారీ పేరు ఉంది. 1939లో బ్యూనస్ ఎయిరిస్ ఒలింపియాడ్‌లో అతను ఇంగ్లండు జట్టులో ఆడుతుండగా యుద్ధం మొదలైంది, జట్టు వెనుదిరిగింది. ఆ తర్వాత అతను బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించే బృందంలో చేరాడు. గాంబిట్ కథకు ఇది అవసరం కాకపోయినా, జట్టు చదరంగం గురించిన వ్యాసంలో చెప్పకుండా వదలడం కష్టం.

గుర్రాన్ని డి2లో ఉంచే టరాష్ పద్ధతి (సి03–సి09)లో నల్లబిషప్ బి4 నుంచి ఆ గుర్రాన్ని కట్టేయడానికి వీలుండదు. నల్లపావులు వెంటనే సి5తో జవాబిచ్చి డి5లో ఒంటరి బంటును ఒప్పుకునే ధైర్యం చేయవచ్చు. ఆ బంటు బలహీనమే, కానీ పావులకు దారులు తెరుచుకుంటాయి. 1974లో మాస్కోలో జరిగిన, ప్రపంచ టైటిల్‌కు పోటీదారును తేల్చే క్యాండిడేట్స్ ఫైనల్లో కర్చ్‌నాయ్ ఈ ఒంటరి బంటుతోనే కార్పోవ్‌ను పదేపదే ఎదుర్కొన్నాడు. 24 ఆటల ఆ పోటీని కార్పోవ్ 3–2 గెలుపులతో దక్కించుకున్నా, ఆ మూడు గెలుపుల్లో ఒక్కటి కూడా ఫ్రెంచ్ మీద రాలేదు.

నాలుగో పాయ, అన్నిటికంటే లోతైనది, గుర్రాన్ని సి3లో నిలిపేది. ఇక్కడ నల్లపావులకు మూడు దారులు. బంటుతో ఇ4ను కొట్టి బంధం విప్పుకోవడం రూబిన్‌స్టీన్ పద్ధతి (సి10). అది నిబ్బరమైనదే గానీ పోరు తక్కువ. గుర్రాన్ని ఎఫ్6కు తేవడం క్లాసికల్ పద్ధతి (సి11–సి14). దీనిలో తెల్లబిషప్ జి5కు వస్తే నల్లబిషప్ బి4కు వెళ్లడం మెకుచన్ శాఖ. అమెరికా ఔత్సాహిక ఆటగాడు మెకుచన్ 1885లో స్టైనిట్జ్ ఒకేసారి పలువురితో ఆడుతున్న ప్రదర్శనలో దీన్ని వాడాడు. తెల్లపావులు ఇ5 ఆడి గుర్రాన్ని డి7కు తరిమి, ఎఫ్4తో గొలుసును గట్టిపరచడం స్టైనిట్జ్ పేరుతో ఉన్న శాఖ. మూడోది బిషప్‌ను వెంటనే బి4కు పంపే వినావర్ పద్ధతి (సి15–సి19). పోలండు ఆటగాడు షిమన్ వినావర్ 1867లో పారిస్‌లో స్టైనిట్జ్ మీద దీన్ని ఆడాడు, నిమ్జోవిచ్ పదును పెట్టాడు, బోత్వినిక్ ప్రపంచ స్థాయి ఆయుధంగా మలిచాడు. ఇందులో నల్లపావులు తమ మంచి బిషప్‌ను సి3 గుర్రం కోసం వదిలేస్తాయి, బదులుగా తెల్లబంట్లు సి వరుసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. తెల్లమంత్రి జి4కు వచ్చి జి7 బంటును తినేస్తే ఆట ఇరుపక్షాలకూ ప్రాణాంతకమవుతుంది. 1960 ప్రపంచ పోటీ తొలి ఆటలో తాల్ అదే చేశాడు. తన రాజు క్యాజ్లింగ్ హక్కు వదులుకుని డి1కు జరగాల్సి వచ్చినా లెక్కచేయలేదు, బోత్వినిక్ ఓడాడు.

రెండో ఎత్తులోనే డి4 మానేసి డి3 ఆడే కింగ్స్ ఇండియన్ అటాక్, మంత్రిని ఇ2లో ఉంచే చిగోరిన్ పద్ధతి కూడా ఉన్నాయి. ఇవి గొలుసును తప్పించుకునే ప్రయత్నాలు.

జట్టు పోటీల్లో ఫ్రెంచ్

నేటి జట్టు పోటీల్లో ఎత్తును కమిటీ నిర్ణయించదు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆటగాడు, తన ఆట తనదే. ఒలింపియాడ్‌లో నాలుగు బల్లలు, జర్మనీ బుందెస్‌లీగాలో ఎనిమిది. బేసి బల్లల మీద ఒక జట్టుకు తెల్లపావులు వస్తే సరి బల్లల మీద రెండో జట్టుకు వస్తాయి. కెప్టెన్ తన ఆటగాడికి డ్రా ప్రతిపాదించమనో, వచ్చిన డ్రా ఒప్పుకోమనో చెప్పవచ్చు గానీ బల్ల మీది స్థితి గురించి ఒక్క మాట కూడా చెప్పకూడదు. అంటే 1834 నాటి జట్టు చర్చ మొత్తం ఇప్పుడు ఆటకు ముందే జరిగిపోవాలి. కెప్టెన్ చెప్పగలిగేది ఏ ఆటగాడు ఏ ఓపెనింగుతో వెళ్లాలన్నది మాత్రమే.

ఈ నియమాల్లో నల్లపావుల డిఫెన్సుకు ప్రత్యేక విలువ వస్తుంది. ప్రతి పోటీలో జట్టులో సగం బల్లలు నల్లపావులతోనే ఆడాలి. 2008 నుంచి ఒలింపియాడ్‌లో జట్టు గెలుపుకు రెండు, సమానమైతే ఒకటి చొప్పున మ్యాచ్ పాయింట్లనే ప్రధానంగా లెక్కిస్తున్నారు. అలాంటప్పుడు నల్లపావులతో నిలకడగా అర పాయింటు తెచ్చి, అవతలి ఆటగాడు అతిగా ముందుకొస్తే గెలుపూ తేగల ఓపెనింగు జట్టుకు కావాలి. మొదటి ఎత్తుకే ఇ5 ఆడేవాడు ఏ ఓపెనింగులోకి వెళ్లాలన్నది తర్వాత తెల్లపావుల చేతిలో ఉంటుంది: రూయ్ లోపెజ్, ఇటాలియన్, స్కాచ్, గాంబిట్లు. ఇ6 ఆడినవాడు వాటన్నిటినీ ఒక్క ఎత్తుతో పక్కకు నెట్టి, తనకు తెలిసిన నిర్మాణంలోకి ఎదుటివాడిని తెచ్చుకుంటాడు. తూర్పు జర్మనీ గ్రాండ్‌మాస్టర్ వోల్ఫ్‌గాంగ్ ఉల్మాన్ దశాబ్దాల పాటు ఇ4కు దాదాపు ఇదొక్కటే జవాబుగా ఆడుతూ 1971లో క్యాండిడేట్స్ దాకా వెళ్లాడు. ఎదుటివాడికి ముందే తెలిసిన డిఫెన్స్ కూడా పనిచేస్తుందనడానికి అతని జీవితమంతా రుజువు.

క్లబ్బు స్థాయిలో ఎదురయ్యే చిక్కులు

క్లబ్బు జట్టులో ఆడేవాడికి ఉద్యోగం, చదువు పోగా మిగిలిన సమయమే చదరంగానికి. అతనికి వినావర్ లోతులకంటే ఎక్కువగా ఎదురయ్యేవి అడ్వాన్స్, ఎక్స్‌ఛేంజ్ పద్ధతులే. అందువల్ల డి4 మీద ఒత్తిడి ఎలా పెంచాలో, ఎఫ్5 గడికి గుర్రాన్ని ఎలా చేర్చాలో తెలిస్తే ఆట చాలా దూరం నడుస్తుంది. ప్రమాదం అంతా క్యాజ్లింగ్ చేసే సమయంలో ఉంది. ఇ5 బంటు ఎఫ్6 గడిని మూసేసింది కాబట్టి హెచ్7 బంటుకు కాపలాగా ఉండాల్సిన గుర్రం అక్కడ లేదు. తెల్లబిషప్ డి3లో, గుర్రం ఎఫ్3లో ఉండగా నల్లరాజు తొందరపడి రాజు వైపు క్యాజ్లింగ్ చేస్తే, బిషప్ హెచ్7లో పడి చెక్ చెబుతుంది. రాజు దాన్ని కొడితే గుర్రం జి5కు, మంత్రి హెచ్5కు వస్తాయి. గ్రేకో రాసిన దెబ్బే ఇది. దీనికి విరుగుడు కూడా నిర్మాణంలోనే ఉంది: మధ్యభాగం తేలేదాకా క్యాజ్లింగ్ వాయిదా వేయడం, సి5 బంటుతో డి4ను మార్చుకుని తెల్లపావుల దృష్టిని అటు లాగడం, అవసరమైతే రాజును మంత్రి వైపుకు పంపడం. కంఠస్థం చేసిన ఎత్తులు పన్నెండో ఎత్తు దగ్గర అయిపోయినా ఈ కారణాలు గుర్తుంటాయి.

ఆక్షేపణలు

ఫ్రెంచ్ నిస్తేజమైన, ఇరుకైన ఓపెనింగు అన్నది పాత ఆక్షేపణ. ఇరుకు నిజం. నిస్తేజం మాత్రం కాదనడానికి తాల్–బోత్వినిక్ ఆట ఒక్కటే చాలు. పైగా అక్కడ నల్లపావులు ఓడాయి కాబట్టి అది ఫ్రెంచ్ పక్షాన ఎంపిక చేసి తెచ్చిన సాక్ష్యం కూడా కాదు.

ఎక్స్‌ఛేంజ్ పద్ధతితో తెల్లపావులు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆటను డ్రా చేయగలవన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. తప్పనిసరిగా గెలవాల్సిన బల్ల మీద ఇలాంటి డిఫెన్సు పనికిరాదని కెప్టెన్లు భావించడంలో న్యాయముంది. అయితే సమానమైన స్థితి అంటే డ్రా అయిన ఆట కాదు. 1990లో మనీలా ఇంటర్‌జోనల్ ఆఖరి రౌండులో మిఖాయిల్ గురెవిచ్‌కు తెల్లపావులతో డ్రా చాలు, ఎదుట నైజెల్ షార్ట్. గురెవిచ్ ఎక్స్‌ఛేంజ్ పద్ధతి ఎంచుకుని ఓడాడు. షార్ట్ ముందుకు సాగి ఆ క్రమంలోనే 1993లో కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ పోటీ దాకా వెళ్లాడు. డ్రా కోసమే ఆడేవాడు చొరవను వదులుకుంటాడు. లండన్ క్లబ్బుకు జరిగింది కూడా దీనికి దూరం కాదు. పద్ధతి సమానమైనదే అయినా, దాన్ని ఎంచుకున్న ఉద్దేశం సమానం కాకపోవచ్చు.

మూడో ఆక్షేపణ ఈ వ్యాసం వాదననే ప్రశ్నిస్తుంది. ఫ్రెంచ్ ప్రణాళికల డిఫెన్స్ అంటున్నారు, కానీ వినావర్‌లో జి7 బంటు పోయే శాఖను ప్రణాళికతో ఎవరూ ఆడలేరు, ఇరవై ఎత్తులు గుర్తుండాల్సిందే. ఇది ఒప్పుకోవాల్సిన మాట. ఫ్రెంచ్‌లో కంఠస్థం చేయాల్సిన ప్రాంతాలు ఉన్నాయి. కానీ వాటిలోకి వెళ్లడం నల్లపావులకు ఐచ్ఛికం: రూబిన్‌స్టీన్, క్లాసికల్ దారులు పక్కనే ఉన్నాయి. జట్టులో ఒకరు వినావర్, మరొకరు రూబిన్‌స్టీన్ ఆడుతూ ఒకే ప్రణాళిక మీద సాధన చేయగలరు.

కంప్యూటర్ల తీర్పు నాలుగోది. చదరంగ ఇంజన్లు సాధారణంగా ఫ్రెంచ్‌లో తెల్లపావులకు చూపే ఆధిక్యం, మొదటి ఎత్తుకు ఇ5 ఆడినప్పటికంటే కాస్త ఎక్కువ. ఉన్నత స్థాయి ఆటగాళ్లలో చాలామంది దీన్ని నిత్యం వాడకపోవడానికి ఇదొక కారణం, దీన్ని తోసిపుచ్చలేం. ఆ ఆధిక్యాన్ని నిలబెట్టుకోవడానికి ఇంజన్ ఆడే ఎత్తులన్నీ మనిషి బల్ల దగ్గర కనుక్కోగలడా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు స్థాయిని బట్టి మారుతుంది.

ఇటీవలి ప్రపంచ పోటీలు, తెలుగు సంబంధం

2023లో ఆస్తానాలో జరిగిన ప్రపంచ టైటిల్ పోటీ ఏడో ఆటలో డింగ్ లిరెన్ నెపోమ్నియాష్షీ మీద ఫ్రెంచ్ ఎంచుకున్నాడు. టరాష్ పద్ధతిలో నడిచిన ఆ ఆటలో గడియారం మీద సమయం కరిగిపోయి ఓడాడు, కానీ పోటీ గెలిచి చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది సింగపూర్‌లో చెన్నైలో పెరిగిన తెలుగు కుటుంబపు కుర్రాడు దొమ్మరాజు గుకేశ్ అతనికి ప్రత్యర్థి. నవంబరు 25న జరిగిన తొలి ఆటలో గుకేశ్ ఇ4 ఆడగా డింగ్ మళ్లీ ఇ6తో జవాబిచ్చాడు. స్టైనిట్జ్ శాఖలో సాగిన ఆ ఆటను నల్లపావులతో 42 ఎత్తుల్లో గెలిచాడు. అయిదో ఆటలో గుకేశ్ మూడో ఎత్తుకే బంట్లు మార్చుకున్నాడు, అంటే 1834లో లండన్ చేసిన పనే. అది డ్రా. పదమూడో ఆటలో గుకేశ్ తిరిగి స్టైనిట్జ్ శాఖకే వచ్చాడు. అదీ డ్రా. డిసెంబరు 12న ముగిసిన పోటీలో 7.5–6.5తో గుకేశ్ చాంపియన్ అయినా, ఫ్రెంచ్ మీద ఆడిన మూడు ఆటల్లో అతనికి ఒక్క గెలుపూ దక్కలేదు.

ఆ పోటీకి గుకేశ్‌ను సిద్ధం చేసిన బృందంలో గుంటూరులో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయిన హరికృష్ణ స్వయంగా ఫ్రెంచ్ ఆడేవాడు, దాని మీద ఆన్‌లైన్ పాఠాలు కూడా రూపొందించాడు. అదే 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత జట్లు ఓపెన్, మహిళల విభాగాలు రెండిటిలోనూ స్వర్ణం గెలిచినప్పుడు ఓపెన్ జట్టులో గుకేశ్, వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్‌లతో పాటు హరికృష్ణ, మహిళల జట్టులో ద్రోణవల్లి హారిక ఉన్నారు. ఓపెన్ జట్టులో అర్జున్ మూడో బల్ల మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు.